ఎవరి వకీలు?

ఆస్తి హక్కు మీద ఎక్కడ మాట్లాడినా, సభ ముగిశాక ఒకరిద్దరు ఆడవాళ్లు మెల్లగా నా దగ్గరికి వస్తారు. "మేడం, వీలునామాకి స్టాంపు కాగితం కావాలా?" "బ్యాంకులో నామినీ నేనే, ఆ డబ్బు ఇక నాదేనా?" "అన్నయ్య ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు, పెట్టొచ్చా?" అందరి ముందూ అడగలేని ఈ ప్రశ్నల్లోనే మన సమాజ శాస్త్రమంతా ఉందనిపిస్తుంది.

మొదటి రెండింటికీ జవాబులు తేలిక. వీలునామాకి తెల్లకాగితం చాలు. రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మాత్రం మేలు. ఇక బ్యాంకు నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే. అది చివరికి చేరాల్సింది వారసులకు.

మూడో ప్రశ్న దగ్గరే చిక్కు. ఆ కాగితం సాధారణంగా హక్కు విడుదల పత్రం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయినవాళ్లను బయటే ఉంచింది. 2005 కేంద్ర సవరణ ఆ గీత చెరిపేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. (2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడలేం.) చట్టం ఇలా ఒక్కో అడుగూ ముందుకేస్తుంటే, కుటుంబం రెండు కాగితాలతో బదులిచ్చింది: కొడుకుల పేర తండ్రి వీలునామా, కూతురి చేత విడుదల పత్రం. "పసుపు కుంకుమల కింద నీకు అప్పుడే ఇచ్చాం కదా" అనే మాట వీటికి తోడు.

ఆ కాగితం రాసేదెవరు? సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పక్కన కూర్చునే దస్తావేజు లేఖరి, లేదా "మన వకీలుగారు". నాన్న దస్తావేజులు చూసిందీ ఆయనే, అన్నయ్య దగ్గర ఫీజు తీసుకునేదీ ఆయనే. ఆయన చెడ్డవాడు కానక్కర్లేదు. కానీ ఆయన మీ వకీలు కాదు. నేను మాట్లాడిన స్త్రీలలో చాలామందికి తమకంటూ వేరే వకీలు ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు. వేరే వకీలును పెట్టుకుంటే అన్నయ్యని అనుమానించినట్టేనట!

ఆస్తి ఉన్న స్త్రీలూ వీలునామా రాయరు. భర్త, పిల్లలు లేని హిందూ స్త్రీ స్వార్జితం, వీలునామా లేకపోతే, ఆమె తల్లికంటే ముందు భర్త వారసులకు పోతుంది. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయి, అత్తింటివారు వెళ్లగొడితే, పుట్టింటి అండతో చదువుకుని ఉద్యోగం చేసిన ఒకామె 1996లో వీలునామా లేకుండా చనిపోయింది. ఆమె సంపాదన భర్త అక్కచెల్లెళ్ల కొడుకులకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సానుభూతితో చట్టానికి వేరే అర్థం చెప్పలేమంది. అన్యాయమైన ఆ సెక్షను మారాలి; మారేదాకా చేతిలో ఉన్న ఆయుధం ఒక తెల్లకాగితం. (ముస్లిం స్త్రీల వీలునామాకి మూడోవంతు పరిమితి ఉంది; షెడ్యూల్డు తెగలకు ఈ హిందూ చట్టమే వర్తించదు. వాటి గురించి విడిగా రాయాలి.)

వకీలనండి, ప్లీడరనండి, ఎక్కడ దొరుకుతారు? స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15100కి ఫోను చేయవచ్చు. అక్కడి వకీళ్లందరూ శ్రద్ధగా పనిచేస్తారని నేను హామీ ఇవ్వను. నచ్చకపోతే మార్చమని అడగండి. స్త్రీ వకీలైతే చాలనీ అనుకోవద్దు. మొదటి రోజే అడగండి: మా అన్నయ్య పనులు, మా నాన్న పనులు మీరెప్పుడైనా చూశారా? కేసు గెలిస్తే భూమిలో ఇంత వాటా అని బేరం పెడితే లేచి వచ్చేయండి. అలాంటి ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలే నిషేధించాయి.

వెళ్లేటప్పుడు, సంతకం పెట్టమన్న కాగితం జిరాక్సు తీసుకెళ్లండి. జిరాక్సు ఇవ్వడానికి అన్నయ్య ఒప్పుకోకపోతే, వకీలుకి మొట్టమొదట చెప్పాల్సిన సంగతి అదే.