ఊరూర తిరుగు మెడికల్ రిప్రజెంటేటివుల విన్నపము

జంషెడ్‌పూర్ ఉప కార్మిక కమిషనరుగారి సముఖమునకు,

అయ్యా,

శ్రీకాకుళ మండలమున పుట్టి, మా పెద్దలు టాటావారి ఉక్కు కొలుములయందు చెమటోడ్చిన ఈ పట్టణముననే మందుల కంపెనీ ప్రతినిధిగా పొట్టపోసికొనుచు, చాయిబాసా, ఘాట్‌శిలా, చక్రధరపురముల నడుమ బస్సులలోను ప్యాసింజరు బండ్లలోను తిరుగుచు, భార్యాబిడ్డలను పలాసయందు విడిచి బ్రతుకుచున్న నేను, నాబోటివారి పక్షమున ఈ లేఖ వ్రాయుచున్నాను.

రోగులందఱును వెడలిన పిదపగాని వైద్యుని గదిలోనికి మాకు పిలుపు రాదు. అంతవఱకును పాదములచెంత సంచి నుంచుకొని కూర్చుండి, రాత్రి పదిగంటలవేళ రెండు నిమిషములలో నాలుగు మందుల గుణములు వల్లించి, బస చేరి, ఆనాటి రిపోర్టు పంపి ఫోను చేయునప్పటికి మా పాప నిద్రించియుండును. దాని ముద్దుమాటలు మఱునాడు తల్లి నోట వినవలసినదే.

1976లో పార్లమెంటు విక్రయ ప్రోత్సాహక ఉద్యోగుల చట్టముచేసి, పనిచేసిన కాలములో పదునొకండవ వంతునకు తగ్గకుండ పూర్తి వేతనముతో ఆర్జిత సెలవు విధించెను. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలో ఆ చట్టమును కలిపిరి. అయినను, టార్గెటు పూర్తికానిదే ఆ సెలవు మా చేతికి రాదు.

కావున, రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట రిపోర్టు అడుగరాదనియు, ఇల్లు చేరివచ్చుటకు చాలునట్లు నెలకొకమాఱు వరుస సెలవు లీయవలెననియు కంపెనీలవారిని పిలిపించి శాసింప వేడుచున్నాను. ఇచ్చటి టుసు పండుగయు, మా సంక్రాంతియు ఒక్కతరి వచ్చును. ఆ వారమున ఎన్ని సెలవు దరఖాస్తులు త్రోసివేయబడెనో, దయచేసి రిజిస్టరులు తెప్పించి చూడుడు.

ఇట్లు,
ఒక మెడికల్ రిప్రజెంటేటివు,
కదమా