నొప్పి మాత్రలు – వివేకము

జీడిమెట్ల యనినంతనే మందుల కర్మాగారములు స్ఫురించును. 1961లో స్థాపితమైన ఐ.డి.పి.ఎల్. వారి బాలానగరపు కర్మాగారము ఈ ప్రాంతమున ఔషధ పరిశ్రమకు పునాది వేసినది. అచ్చట పనిచేసిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో సొంత సంస్థను నెలకొల్పిరి. మందులు చేయు విద్యలో ఇంత ముందునకు పోయిన సీమలో వానిని వాడు విద్య వెనుకబడి యుండుట విచారకరము. మేడ్చల్, శామీర్‌పేట గ్రామములలో సైతము పేరైన నడుగక "నొప్పి మాత్ర" యని కొని మ్రింగుట పరిపాటియైనది.

దేహమున ప్రోస్టాగ్లాండినులను పదార్థములు నొప్పిని, వాపును కలిగించును. ఆస్పిరిన్ వాని యుత్పత్తిని అరికట్టునని జాన్ వేన్ 1971లో నిరూపించి, 1982లో నోబెల్ బహుమానము నందెను. కాని కడుపు లోపొరను కాపాడునవియు, మూత్రపిండములకు రక్తప్రసారమును నిలుపునవియు ఆ పదార్థములే. కావున గుణము, దోషము ఒకే మూలమునుండి పుట్టుచున్నవి.

ఈ మందులన్నియు సమానములు కావు. ఐబుప్రొఫెన్ కొద్ది మోతాదులో, కొద్ది దినములు వాడినచో తక్కినవానికంటె కొంత మెత్తనిది. అయినను వైద్యుని సలహా లేక దినమునకు 1200 మిల్లీగ్రాములు మించరాదు. నాప్రోక్సెన్ గుణము దీర్ఘకాలము నిలుచును. డైక్లోఫెనాక్ తీవ్రమైనది, హృద్రోగులకు ముప్పు. ఎటోరికాక్సిబ్ కడుపునకు కొంత మేలైనను రక్తపు పోటును పెంచును. నిమెసులైడ్ కాలేయమునకు హాని చేయగలదు. 12 ఏండ్లలోపు పిల్లలకు దానిని 2011లో ప్రభుత్వము నిషేధించినది. పారాసిటమాల్ ఈ తెగకు చెందదు; జ్వరమునకు తగినదే గాని, మితిమీరిన కాలేయమును చెరచును.

బ్రూఫెనును, కాంబిఫ్లామును కలిపి వేసికొన్నవాడు ఐబుప్రొఫెనునే రెండుమార్లు మ్రింగినవాడగును. కావున మాత్ర వెనుక ముద్రించిన మందు పేరు చదువవలెను, ఈ తెగలో రెండింటిని కలుపరాదు, భోజనానంతరమే పుచ్చుకొనవలెను. కడుపులో పుండు, మూత్రపిండ వ్యాధి, గుండెజబ్బు, ఉబ్బసము గలవారును, గర్భిణులును, రక్తము పలుచనగు మందులు వాడువారును వైద్యు నడుగక వీనిని తాకరాదు. వానకాలపు జ్వరము డెంగ్యూ కావచ్చును. అట్టియెడ ఇవి రక్తస్రావమును హెచ్చించును. మలము నల్లనైనను, మూత్రము తగ్గినను మాత్ర మాని తక్షణమే ఆసుపత్రి చేరవలెను.

వేసవి యెండలో చెమటోడ్చి, నీరు చాలక శ్రమించు కూలికి ఈ మాత్ర మూత్రపిండములపై రెండవ దెబ్బ. సేద్యము చేయించు భూస్వాములు, కర్మాగారముల యజమానులు ఈ సంగతి గ్రహింతురు గాక. వారు పనివారికి ఈయవలసినవి తాగునీరు, నీడ, విశ్రాంతి, మాత్ర కాదు. డైక్లోఫెనాక్, నిమెసులైడ్ వంటివి వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని చట్టము కలదు. దుకాణదారు దానిని పాటింపవలెను. కొనువారు అందుకు కోపింపరాదు. నొప్పి దేహము పంపు హెచ్చరిక. దాని నోరు మూయించి మరల పనికి దిగుట ఆరోగ్యము కానేరదు.