లైబ్రరీకి గది ఉంది.. లైబ్రేరియన్‌కే లెక్క లేదు! తొర్రూరు లాంటి చోట డిగ్రీ కాలేజీల ‘టెంపరరీ’ కథ ఇదీ

తొర్రూరు: పీరియడ్‌కి 390 రూపాయలు. నెలకు ఎక్కువలో ఎక్కువ 72 పీరియడ్లు. అంటే ఎంత కష్టపడ్డా 28,080 దాటదు. తెలంగాణ సర్కారు జూనియర్ కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్ల జీతం లెక్క ఇది. గంట కొట్టారు, క్లాసుకెళ్లారు, వచ్చి సంతకం పెట్టారు.. ఆ రోజు లెక్క తేలిపోయింది. మరి లైబ్రేరియన్ సంగతేంటి? పొద్దున గది తాళం తీసిన దగ్గర్నుంచి సాయంత్రం తాళం వేసేదాకా అక్కడే ఉండే మనిషికి పీరియడ్ ఎక్కడుంది?

చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ సర్కారు కాలేజీల్లో తాత్కాలిక లైబ్రేరియన్ కష్టమంతా ఇక్కడే మొదలవుతుంది.

తొర్రూరునే తీసుకోండి. వరంగల్ – ఖమ్మం హైవే మీద ఉన్న ఊరు. ఒకప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి మహబూబాబాద్ జిల్లా. ఆర్టీసీ డిపో ఉంది, మార్కెట్ ఉంది. పెద్దవంగర, నెల్లికుదురు, దంతాలపల్లి వైపు ఊళ్లకు ఇదే సెంటర్. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి అమ్మాయిలు డిగ్రీకి రావడానికి బస్సు చార్జీ అడ్డం కాదు. అయితే క్లాసులు అయిపోయాక ఊరి బస్సు వచ్చేదాకా కూర్చునేదెక్కడ? హైదరాబాద్‌లో అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల నెలకింత అని కడితే ఏసీ రీడింగ్ రూమ్ దొరుకుతుంది. ఇలాంటి ఊళ్లలో డబ్బు కట్టకుండా దొరికే కుర్చీ, ఫ్యాన్, గ్రూప్స్ పుస్తకం అంటే ఒకటి ఊరి గ్రంథాలయం, రెండోది కాలేజీ లైబ్రరీ. ఆ రెండోది తెరిచి ఉండాలంటే మనిషి కావాలి.

ఆ 24 పోస్టులు ఎక్కడ ఆగాయ్?

2022 జులైలో అప్పటి సర్కారు విద్యాశాఖలో, రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కలిపి 2,440 పోస్టులకు ఆర్థిక శాఖ అనుమతి ఇచ్చింది. అందులో లైబ్రేరియన్లు మూడు చోట్ల ఉన్నారు. ఇంటర్ విద్యలో 40, పాలిటెక్నిక్‌లు చూసే సాంకేతిక విద్యలో 31, డిగ్రీ కాలేజీలు చూసే కాలేజీ విద్యలో 24. మొత్తం 95.

అదే ఏడాది చివర్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ లైబ్రేరియన్ నోటిఫికేషన్ ఇచ్చింది. అందరూ సంబరపడ్డారు. తీరా చూస్తే పోస్టులు 71. నలభై, ముప్పై ఒకటి కలిపితే వచ్చేది అంతే! డిగ్రీ కాలేజీల 24 అందులో లేవు. పరీక్ష మరుసటి ఏడాది మేలో జరిగింది. గురుకుల నియామక బోర్డు కూడా 2023లో గురుకుల స్కూళ్ల కోసం 434 లైబ్రేరియన్ పోస్టులకు విడిగా నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే సర్కారు లైబ్రేరియన్లను అసలు పట్టించుకోలేదని అనడానికి లేదు. స్కూలుకు ఇచ్చారు, ఇంటర్‌కి ఇచ్చారు, పాలిటెక్నిక్‌కి ఇచ్చారు. పిల్లలు సొంతంగా పుస్తకం వెతుక్కోవాల్సిన వయసుకు వచ్చేసరికి, డిగ్రీ దగ్గర, చెయ్యి వెనక్కి పోయింది.

డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ అంటే ఆషామాషీ అర్హత కాదు మరి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం లైబ్రరీ సైన్స్‌లో పీజీ, అందులో 55 శాతం మార్కులు, ఆపై నెట్ లేదా సెట్ పాసై ఉండాలి. పీహెచ్‌డీ ఉంటే కొన్ని షరతులతో మినహాయింపు. హోదా, స్కేలు అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో సమానం. ఏడో వేతన స్కేలులో మొదటి మెట్టు మూల వేతనమే 57,700. కాకతీయ యూనివర్సిటీ దూరవిద్యలోనో, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో బీఎల్ఐఎస్సీ, ఎంఎల్ఐఎస్సీ చేసి, నెట్ కొట్టి ఎదురుచూసేవాళ్లకు ఈ చుట్టుపక్కల కొదవలేదు.

పోస్టు భర్తీ కాకపోతే మిగిలే దారులు రెండు మూడే. వేరే సబ్జెక్టు లెక్చరర్‌ను ‘ఇన్‌చార్జి’ చేయడం ఒకటి. ఆయనకు తన క్లాసులు తనకుంటాయి, తాళం ఆయన జేబులో ఉంటుంది. కాదంటే ఏజెన్సీ ద్వారా ఔట్‌సోర్సింగ్, లేదంటే ఆ ఏడాదికి గెస్ట్.

పీరియడ్ లెక్కలో పట్టని పని

బయటి నుంచి చూస్తే లైబ్రేరియన్ పనేంటి? పుస్తకం ఇవ్వడం, తీసుకోవడం. చాలామంది అనుకునేది అదే. కొందరు ప్రిన్సిపాళ్లు కూడా ఇంచుమించు అలాగే అనుకుంటారన్నది చేదు నిజం.

ఒక పుస్తకం కొన్నారనుకుందాం. బిల్లు సరిచూడాలి. యాక్సెషన్ రిజిస్టర్‌లో వరుస నంబర్ వేసి రచయిత, ధర, వెండర్, బిల్లు తేదీ ఎక్కించాలి. ముద్ర వేయాలి. టైటిల్ పేజీతో పాటు లోపల ఎక్కడో ఒక ‘సీక్రెట్ పేజీ’ మీద కూడా వేస్తారు, ఎవరైనా మొదటి పేజీ చింపేసినా పుస్తకం ఎవరిదో తేలేలా. ఆ పేజీ నంబర్ ఎంతో ఒక లైబ్రేరియన్ దిగిపోతూ రాబోయే లైబ్రేరియన్‌కు చెప్పాల్సిన సంగతి. తర్వాత డ్యూయీ పద్ధతిలో నంబర్. ఎకనామిక్స్ అయితే 330, తెలుగు సాహిత్యం అయితే 894.827. ఆపైన వీపు మీద లేబుల్, కంప్యూటర్ ఉంటే సోల్ లేదా కోహా సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీ. ఇంతయ్యాక ఆ పుస్తకం అరల్లోకి వెళ్తుంది. ఇందులో ఏది పీరియడ్? ఏది క్లాస్?

పోనీ గంటల లెక్కే కడదాం. రోజుకు ఆరు గంటలు, నెలకు 24 రోజులు లైబ్రరీ తెరిస్తే 144 గంటలు. 72 పీరియడ్ల గీత ఇందులో సగానికే సరిపోతుంది. ఆ గీతనే లైబ్రరీకీ గీస్తే రెండే జరగాలి. గది సగం రోజు మూసి ఉండాలి, లేదంటే మనిషి సగం రోజు ఊరికే పని చేయాలి. రెండోదే ఎక్కువ జరిగే ప్రమాదం ఉంది. ఎందుకంటే గది మూసి ఉంటే అందరికీ కనిపిస్తుంది, మనిషి ఊరికే పని చేస్తే ఎవరికీ కనిపించదు.

అంతకన్నా పెద్ద మెలిక ఇంకోటుంది. క్లాసులు అయిపోతే లెక్చరర్ పని తగ్గుతుంది. లైబ్రేరియన్ పని సరిగ్గా అప్పుడే పెరుగుతుంది! పరీక్షలయ్యాక పుస్తకాలు వెనక్కి రావాలి. టీసీ కావాలంటే నో డ్యూస్ మీద లైబ్రరీ సంతకం పడాలి. ఆపైన స్టాక్ వెరిఫికేషన్. అరలన్నీ ఖాళీ చేసి, దుమ్ము దులిపి, రిజిస్టర్‌తో ఒక్కో నంబర్ సరిచూసే పని సెలవుల్లో తప్ప కుదరదు. సెలవుల్లో పీరియడ్లు సున్నా. పీరియడ్లు సున్నా అయితే గెస్ట్ జీతమూ సున్నా. అంటే ఏడాది మొత్తంలో లైబ్రేరియన్ తప్పనిసరిగా ఉండాల్సిన నెలలోనే లెక్క ప్రకారం లైబ్రేరియన్ ఉండరు.

మరి పుస్తకం పోతే ఎవరు జవాబు చెప్పాలి? కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు 2017 ఈ విషయంలో కొంచెం దయగానే ఉన్నాయి. 20 వేల లోపు పుస్తకాలున్న లైబ్రరీలో ఏటా పూర్తి తనిఖీ జరగాలి. ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు దాకా పోతే, అందులో మోసం గానీ నిర్లక్ష్యం గానీ లేకపోతే, సహజ నష్టంగానే చూడొచ్చని 215వ నిబంధన చెబుతోంది. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణే. ఇది కేంద్ర సంస్థల నిబంధన. కానీ దాని వెనకున్న ఆలోచన ఎక్కడైనా పనికొస్తుంది. లైబ్రరీ అన్నాక కొన్ని పుస్తకాలు పోతాయి, మనిషిని వెంటనే దొంగను చేయకూడదు. తాత్కాలికంగా వచ్చే వ్యక్తికి ఈ రక్షణ ఇంకా ఎక్కువ అవసరం. జూన్‌లో చార్జ్ తీసుకునేటప్పుడు లెక్క చూపించేవాళ్లుండరు. ఏప్రిల్‌లో అప్పగించేటప్పుడు లెక్క అడిగేవాళ్లుంటారు. అనుభవం ఉన్నవాళ్లు కొత్తగా చేరేవాళ్లకు చెప్పే మొదటి మాట ఒకటే. ఉన్న పుస్తకాలెన్నో రాసుకుని సంతకం తీసుకోకుండా తాళం చేతిలోకి తీసుకోవద్దు.

ఢిల్లీలో కొన్నారు.. ఇక్కడ తెరిచేదెవరు?

ఇప్పుడు లైబ్రరీ అంటే బీరువాలు మాత్రమే అనుకుంటే పొరపాటే. 2024 నవంబరు 25న కేంద్ర కేబినెట్ ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి ఓకే చెప్పింది. మూడేళ్లకు 6,000 కోట్లు. 30 మంది అంతర్జాతీయ పబ్లిషర్లు, దాదాపు 13 వేల జర్నల్స్. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆధీనంలోని సుమారు 6,300 విద్యా, పరిశోధన సంస్థలకు వర్తించేలా 2025 జనవరి 1న మొదలైంది. చిన్న ఊళ్ల విద్యార్థులకు కూడా పెద్ద యూనివర్సిటీల వాళ్లు చదివేవే అందాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే.

కానీ ఆ జర్నల్ దానంతట అది విద్యార్థి ఫోన్‌లోకి రాదు. కాలేజీ తరఫున ఎవరో ఒకరు రిజిస్టర్ చేయాలి, ఏ పదంతో వెతకాలో పిల్లలకు చూపించాలి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఎన్-లిస్ట్ కూడా అంతే. విద్యార్థుల పేర్లు ఎక్కించి లాగిన్లు ఇప్పించాల్సింది కాలేజీ మనిషే. ఆ అడ్మిన్ పాస్‌వర్డ్ నిరుడు పనిచేసిన గెస్ట్ మెయిల్‌లో ఉండిపోతే? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ పాపం పూజారి తప్పేం లేదు, అసలు పూజారినే పెట్టలేదు. న్యాక్ టీమ్ వచ్చే ముందు మాత్రం లైబ్రరీ ఆటోమేషన్ అయిందా, ఈ-జర్నల్స్ వాడుతున్నారా అన్న గళ్లన్నీ నింపాల్సిందే. అప్పుడు అందరికీ లైబ్రేరియన్ గుర్తుకొస్తారు.

కోర్టులు ఏమన్నాయ్?

2023 ఏప్రిల్ 30న, కొత్త సచివాలయం ప్రారంభించిన రోజున, అప్పటి సీఎం కేసీఆర్ 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ ఫైలు మీద సంతకం చేశారు. అందులో ఎక్కువమంది జూనియర్ లెక్చరర్లు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. అది ‘కాంట్రాక్టు’ వాళ్లకు, అదీ 2014 జూన్ 2 నాటికి పనిలో ఉన్నవాళ్లకు. గెస్ట్‌లకు ఆ తలుపు ఎప్పుడూ తెరుచుకోలేదు. ఇక 2024 నవంబరులో హైకోర్టు ఆ క్రమబద్ధీకరణకు ఆధారమైన సెక్షన్ 10-ఏనే కొట్టేసింది. అప్పటికే పర్మినెంట్ అయినవాళ్లను కదిలించలేదు గానీ, కొత్తగా ఆ దారిలో ఎవరూ రాలేరు.

జీతం విషయంలో గాలి కొంచెం వేరేగా వీస్తోంది. గుజరాత్ సర్కారు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏళ్ల తరబడి నెలకు 30 వేలకే పనిచేస్తున్న కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు కనీస స్కేలు ఇవ్వాల్సిందేనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సమాన పనికి సమాన వేతనం అన్నది 2016లో పంజాబ్ కేసులోనే తేల్చిన మాట. కానీ పీరియడ్ లెక్కన వచ్చేవాళ్లు ముందు తమ పని పూర్తి రోజు పనేనని నిరూపించుకోవాలి. లెక్చరర్‌కైనా టైంటేబుల్ కాగితం ఉంటుంది. లైబ్రేరియన్‌కు ఇష్యూ రిజిస్టరే సాక్ష్యం.

వేరే దేశాల్లో అంతా బాగుందనుకోవద్దు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లోనూ పార్ట్‌టైమ్ లైబ్రేరియన్లున్నారు. తాత్కాలిక ఫ్యాకల్టీకి ఫుల్‌టైమ్ పనిలో 67 శాతం మించి ఇవ్వకూడదని అక్కడి చట్టం. అందుకే రెండు మూడు కాలేజీలు తిరిగి బతుకు వెళ్లదీసేవాళ్లు ఉంటారు. అయితే ఒక్క విషయం ఒప్పుకోవాలి. అక్కడ చట్టమే లైబ్రేరియన్‌ను ఫ్యాకల్టీ కింద లెక్కేసింది. పని గంటల్లో కొలుస్తారు, పాఠం చెప్పారా లేదా అని అడగరు.

ఇక్కడ కూడా కోట్లు అక్కర్లేదు. పర్మినెంట్ మనిషి వచ్చేదాకా లైబ్రరీ వరకు పీరియడ్ పద్ధతి పక్కన పెట్టి, పన్నెండు నెలలకూ నెలజీతం ఇస్తే సగం చిక్కు తీరుతుంది. మిగతా సగం ఆ 24 పోస్టుల దగ్గరే ఉంది.

ఎదురుచూసేవాళ్లకు మాత్రం టైమ్ ఆగట్లేదు. 2022లో ఉద్యోగాలకు గరిష్ఠ వయసు 44. 2024 ఫిబ్రవరిలో రెండేళ్ల కోసం దాన్ని 46కి పెంచారు. రిజర్వేషన్ సడలింపులు వేరు. ఆ 2,440 పోస్టులకు అనుమతి వచ్చిన 2022 జులైలో 42 ఏళ్లున్నవాళ్లకు 2026 జులై నాటికి 46 నిండుతాయి.