పెట్టుబడి పెట్టినవాడల్లా పెట్టుబడిదారుడేనా?

నాట్ల కాలంలో ఏ ఊరి టీకొట్టు దగ్గర నిలబడినా ఒక ప్రశ్న వినపడుతుంది: "ఈసారి ఎకరానికి పెట్టుబడి ఎంతయింది?" విత్తనం, దమ్ము, ఎరువు, పురుగుమందు, కూలి, కౌలు అన్నీ కలిపి రైతు చెప్పే మాట పెట్టుబడి. మన సభల్లోనేమో పెట్టుబడిదారీ వ్యవస్థ పోవాలంటాం. అది విన్న మూడెకరాల కౌలు రైతు "అయితే నన్నూ పొమ్మంటారా?" అని అడుగుతాడు. పక్కనున్న కూలీ "కూలి పెంచమంటే కాదంటున్నావుగా, నువ్వూ పెట్టుబడిదారుడివే" అంటాడు. ఈ తగాదా మాట దగ్గర మొదలైనా మాటతో ఆగదు. కాబట్టి ఆ మాట సంగతి మనం తేల్చుకోవాలి.

పెట్టుబడిదారీ అనే విశేషణం ఇంగ్లీషు 'క్యాపిటలిస్ట్'కు మనం పెట్టుకున్న తెలుగు. క్యాపిటల్‌కు మూలం తల అనే అర్థమున్న లాటిన్ మాట. పశువులను చెప్పే 'క్యాటిల్' కూడా అక్కడినుంచే వచ్చింది. మన పల్లెల్లోనూ కొన్నిచోట్ల గొడ్లను సొమ్ములంటారు. క్యాపిటల్ అంటే ఆస్తి అన్నంతవరకు పేచీ లేదు. పేచీ అంతా విశేషణం దగ్గరే.

డబ్బాశ ఉన్నవాడిని క్యాపిటలిస్ట్ అనటం ఒక వాడుక. ఆశే కొలత అయితే పాతకాలపు జమీందారూ, వడ్డీ వ్యాపారీ కూడా ఆ లెక్కలోకే వస్తారు. రెండో వాడుక పండితులది. ముందు పనిముట్టు చేసుకుని, దానితో సరుకు తయారుచేసే పద్ధతినంతా ఆస్ట్రియా ఆర్థికవేత్త బోమ్‌బావెర్క్ 1889లో ఆ పేరుతోనే పిలిచాడు. ఆ లెక్కన కొడవలితో కోసే కోత కూడా పెట్టుబడిదారీయే! ఆ కొడవలి ఎవరి చేతిలో ఉంది, కోసిన పంట ఎవరి ఇంటికి పోయింది అన్న ప్రశ్న మాత్రం కనపడకుండా పోతుంది.

మూడో అర్థం మార్క్స్‌ది. 1867లో వచ్చిన 'పెట్టుబడి' గ్రంథం మొదటి సంపుటి చివర ఆయన పీల్ అనే ఇంగ్లీషు ధనికుడి కథ చెబుతాడు. పీల్ 1829లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ నది ప్రాంతానికి డబ్బు, సామాను, పనివాళ్లతో సహా ఓడల్లో వెళ్లాడు. అక్కడ ఆదివాసుల నుంచి తెల్లవాళ్లు లాక్కున్న భూమి విస్తారంగా ఉంది. పనివాళ్లు ఎవరి దారి వారు చూసుకున్నారు. పీల్‌కు పక్క పరిచే మనిషి కూడా మిగలలేదని మార్క్స్ ఎగతాళి చేస్తాడు. డబ్బుంది, సామానుంది. లేనిదల్లా, శ్రమ అమ్ముకుంటే తప్ప గడవని మనిషి. ఆ మనిషి లేనిదే డబ్బు పెట్టుబడి కాదు. సెంటు భూమి లేని మన కూలీకి ఈ పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు.

మన దేశంలోనూ ఈ విశేషణంపై పెద్ద వాదమే నడిచింది. 1969లో అశోక్ రుద్ర, మరి ఇద్దరు పరిశోధకులు పంజాబ్ పెద్ద రైతులను పరిశీలించి, పెట్టుబడిదారీ రైతులనే ప్రత్యేక వర్గం తమకు కనపడలేదన్నారు. ఉత్సా పట్నాయక్ అది ఒప్పుకోలేదు. అయితే కూలీలను పెట్టినంత మాత్రాన చాలదని, వచ్చిన మిగులును తిరిగి సాగులో పెట్టి దాన్ని పెంచుకుంటూ పోవాలని ఆమె వాదించారు.

ఈ కొలతతో మన ఊరినే కొలిచి చూద్దాం. పట్నంలో కూర్చుని కౌలు వసూలు చేసుకునే భూస్వామి రూపాయి కూడా సాగులో పెట్టడు. అతనిది కౌలు దోపిడీ. ట్రాక్టర్లు, కోత మిషన్లు పెట్టి, కూలీలతో పని చేయించి, లాభంతో చెరువులు తవ్వించి మరింత భూమి పట్టేవాడు నిఖార్సయిన పెట్టుబడిదారీ రైతు. ఇక కౌలు రైతు? అతను పెట్టింది అప్పు. ఇంటిల్లిపాదీ పొలంలో దిగుతారు. ధాన్యం కళ్లం దాటకముందే వడ్డీ, కౌలు, ఎరువుల కొట్టు బాకీ వచ్చి కూర్చుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం కూడా కార్డుకు భూయజమాని ఒప్పుకోలు కావాలన్నది. ఒప్పుకోలు దొరకనివాడికి బ్యాంకు అప్పు ఎక్కడిది? పెట్టుబడి అన్న మాట అతని నోట ఉందిగాని, అది అతని చేతిలో లేదు.

అంతమాత్రాన కూలీ తన కూలి వదులుకోవాలని మేం అనటం లేదు. నాటుకు, కోతకు న్యాయమైన కూలి ఎవరి పొలంలోనైనా ఇవ్వాల్సిందే. కానీ ఆ కూలి ఇవ్వలేని స్థితికి కౌలు రైతును తెచ్చింది కౌలు, వడ్డీ, గిట్టని ధర. కూలి పెంపు కోర్కెతో పాటు కౌలు తగ్గింపు, బ్యాంకు రుణం, గిట్టుబాటు ధర కోర్కెలూ ఒకే కాగితం మీద రాయాలి. అప్పుడే ఆ టీకొట్టు దగ్గర ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చుంటారు. మాట తప్పుగా వాడితే మనవాడు శత్రువైపోతాడు, అసలువాడు పట్నంలో హాయిగా ఉంటాడు.