ఫోన్ ఆగితే ఎవరిల్లు బాగుపడింది?

2021 అక్టోబర్ 4 రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్ ఆగిపోయింది, దాదాపు ఆరు గంటలు. "పీడ పోయింది, ఆ రాత్రి ఇంటిల్లిపాదీ మాట్లాడుకున్నాం" అని ఇప్పటికీ మురిసిపోయేవాళ్లున్నారు. ఎవరి ఇంటిల్లిపాది? మా వేములవాడ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లల్లో ఇంటాయన గల్ఫ్‌లో లేడు? మనకు తొమ్మిదంటే కువైట్‌లో ఆరున్నర, డ్యూటీ దిగి గదికొచ్చే వేళ. ఎంగిలిపూల బతుకమ్మ ఇంక రెండు రోజులే. బిడ్డ కొత్త లంగా తండ్రి చూసేది ఆ తెర మీదే కదా!

మామూలు ఫోన్ చేసుకోవచ్చుగా అంటారు. ఐఎస్‌డీ నిమిషానికెంతో ఒకసారి అడిగి చూడండి. అయినా నేను రీచార్జి వేయించే ఉంచుతాను, మా ఆయన నంబరు క్యాలెండర్ వెనక రాసి పెట్టాను. ఆయన కువైట్ వదిలి వచ్చిన రోజు ఫోన్ నేనే అటక మీద పడేస్తా. అందాకా ఆ నీతులు నాకు చెప్పొద్దు.