స్కాన్ నార్మల్ అంటే జబ్బు లేదని కాదు

చెవిలో ఎవరో తిడుతున్నారని ఇంట్లో కుర్రాడు చెబితే ముందు గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. ఆ తర్వాత ఎవరో చెప్పారని ఎమ్మారై తీయిస్తారు. రిపోర్టు నార్మల్ అని వస్తుంది. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. ‘ఏమీ లేదన్నారుగా, ఇవన్నీ పని ఎగ్గొట్టే నాటకాలు’ అని సొంతవాళ్లే అంటారు. ఈ మాట చాలా అన్యాయం.

ఇలా లేని గొంతులు వినిపించే మానసిక జబ్బుల్లో స్కిజోఫ్రీనియా ఒకటి. 1993లో లండన్ పరిశోధకులు ఆ జబ్బు ఉన్న 12 మంది మగవాళ్లకు గొంతులు వినపడుతున్నప్పుడు ఒకసారి, అవి తగ్గాక మరోసారి మెదడు స్కాన్ చేశారు. వినపడుతున్న సమయంలో బ్రోకా ప్రాంతానికి రక్తప్రసరణ ఎక్కువగా ఉంది. మనిషి మాటను కూర్చుకునే చోటు అది. 1999లో జర్మనీలో మరో బృందం ముగ్గురు రోగులను ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, గొంతు ఎప్పుడు వినపడుతోందో మీట నొక్కి చెప్పమంది. పక్కన మాట్లాడేవారు ఎవరూ లేరు. అయినా, బయటి శబ్దాలను అందుకునే మెదడు భాగమే ఆ సమయంలో చురుగ్గా పనిచేసింది.

అంటే వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే వింటున్నారు.

ఎందుకిలా? మనం మాట్లాడబోయే ముందే ‘ఈ వచ్చేది నా గొంతే’ అని మెదడు తన వినికిడి భాగానికి కబురు పెడుతుంది. అందుకే సొంత గొంతుకు అది తక్కువగా స్పందిస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో ఈ తగ్గుదల బలహీనంగా ఉందని అమెరికాలో జుడిత్ ఫోర్డ్, డేనియల్ మథాలన్ మెదడు విద్యుత్ తరంగాలను కొలిచే ఈఈజీ పరీక్షల్లో చూపారు. మనసులోని సొంత మాటే పరాయి గొంతుగా వినపడుతోందన్న వాదనకు ఇది గట్టి ఆధారం. వాదన ఇంకా పూర్తిగా తేలలేదు. ఇక ఆ గొంతులు ఎవరివిగా వినపడతాయన్న దాని గురించి, చెన్నై, ఘానాలోని అక్రా, అమెరికాలోని కాలిఫోర్నియా రోగులను పోల్చి 2015లో వెలువడిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. చెన్నైలో చాలామందికి వినపడేవి అయినవాళ్ల గొంతులే. ఇంటి పనులు పురమాయిస్తాయి, మందలిస్తాయి.

మరి ఆస్పత్రి స్కాన్‌లో ఇవేవీ కనపడవేం? పరిశోధనలో బయటపడేవి ఎక్కువగా పదుల మందిని కలిపి లెక్కిస్తే తేలే తేడాలు. ఒక్కరి ఫొటో చూసి స్కిజోఫ్రీనియా ఉందనీ లేదనీ ఎవరూ చెప్పలేరు. కణితిలాంటి ఇతర కారణాలేమైనా ఉన్నాయేమో చూడటానికే డాక్టర్లు స్కాన్ రాస్తారు. ఈ జబ్బును తేల్చేది సైకియాట్రిస్టు రోగితో, ఇంట్లోవాళ్లతో ఓపిగ్గా మాట్లాడే మాటలే.

కాబట్టి స్కాన్ మీద స్కాన్ తీయించి డబ్బు పోగొట్టుకోకండి, వైద్యం ఆలస్యం చేయకండి. మందులతో చాలామందికి ఈ గొంతులు తగ్గుతాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.