కుంచె పట్టిన చేతిలో కెమెరా

తెలుగు సినిమా కెమెరాకు చాలాకాలం మన ఊరు ఆనలేదు. పాట తీయాలంటే పచ్చని చేను కావాలె, నిండుగా పారే కాలువ కావాలె. బండరాళ్లు, తుమ్మచెట్లు, ఎండిన వాగులు దానికి అందంగా కనిపించలేదు. మన మాట హాస్యగాడి నోట్లోనో, రౌడీ నోట్లోనో వినిపించేది. అటువంటి రోజుల్లో గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్ నుంచి వచ్చిన ఒక చిత్రకారుడు కుంచె వదలకుండానే కెమెరా పట్టారు. ఆయన బి.నర్సింగరావు.

1979లో గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ గురించి అందరం మాట్లాడుకుంటాం. నర్సింగరావు దాని నిర్మాతల్లో ఒకరు. ఆయనే దర్శకత్వం వహించి, చిత్రకారుడి పాత్ర కూడా వేసిన ‘రంగుల కల’ (1983) సంగతి ఎంతమందికి తెలుసు? బొమ్మ ఎవరికోసం గీయాలి? డబ్బున్నవాడి గోడ కోసమా, ఆ బొమ్మలోని మనిషి కోసమా? ఒక కళాకారుడు తననే బోనులో నిలబెట్టుకుని అడిగిన ప్రశ్న అది. ఆ తర్వాత 1987లో ‘మా ఊరు’ డాక్యుమెంటరీ తీశారు. అది ఎవరి చూపో పేరే చెబుతుంది.

ఇక ‘దాసి’ (1988). గడీలో వెట్టి బతుకు బతికే కమలాక్షి కథ. మాటలు తక్కువ. గోడలు, వాకిళ్లు, నీడలే చెప్పాల్సింది చెబుతాయి. నెమ్మదిగా నడుస్తుందని కొందరు విసుక్కుంటారు. గడీలో దాసికి కాలం అట్లాగే నడిచింది మరి! పెద్ద బొట్టు, ముదురు రంగు చీరలతో తెలంగాణ ఆడవాళ్లను గీసే తోట వైకుంఠం దీనికి కళాదర్శకుడు. ఛాయాగ్రహణం ఎ.కె.బీర్. అర్చనకు ఉత్తమనటి పురస్కారం సహా అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. 1990 నాటి ‘మట్టి మనుషులు’లో పల్లె మనుషులు హైదరాబాద్‌కు కూలికొచ్చి మేడలకు ఇటుకలు మోస్తారు.

2014లో రాష్ట్రం వచ్చింది. ఇవాళ తెరమీద మన యాస అమ్ముడుపోతున్నది. సంతోషమే. కానీ ఆ యాసకు మార్కెట్ లేనినాడు, లాభం చూసుకోకుండా తీసిన ఈ సినిమాలను మన పిల్లలకు ఎవరు చూపిస్తున్నారు? ఫిలిం రీలు రాతి శాసనం కాదు, పట్టించుకోకపోతే పాడైపోతుంది. అవార్డు పత్రం అద్దాల బీరువాలో భద్రంగా ఉంటే సినిమా బతికినట్టు కాదు. వాటిని కాపాడే పని ప్రభుత్వం చేయాలి. చూపించే పనికి మాత్రం జీవోలు అక్కర్లేదు. ఒక ప్రొజెక్టర్, ఒక తెల్లగుడ్డ, హాస్టల్లో ఒక గది చాలు. విద్యార్థి మిత్రులు, ఉద్యోగ సంఘాలు అనుమతి తీసుకుని నెలకొక్క ప్రదర్శన పెట్టలేవా? ‘రంగుల కల’తో మొదలుపెట్టండి. రెండో నెల ‘దాసి’.